మందు రాలేదన్న డాక్టరుగారు

పశువుల డాక్టరుగారు పోయారని మొన్న ఉయ్యూరు బస్టాండులో వాళ్ళ కాంపౌండరు చెప్పాడు. "బెజవాడ ఆస్పత్రిలోనండీ సిస్టరుగారూ, తెల్లారేసరికి..." అన్నాడు. నేనెక్కాల్సిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది. ఏడుపు రాలేదు. ఆయన్ని మంచివారనాలో మొండివారనాలో తేల్చుకోలేక అప్పటి నుంచీ సతమతమవుతున్నాను.

వరికోతలయ్యాక పైప్రాంతాల గొర్రెల మందలు మా డెల్టాలోకి దిగుతాయి. ఎరువు కోసం రైతులు పొలాల్లో మంద కట్టిస్తారు. నర్సునైన నన్ను చూస్తే ఆ కాపరులు పిల్లల్ని గొంగళ్ళ కింద దాచేవారు. డాక్టరుగారికి మాత్రం ఎదురొచ్చేవారు. అందుకే ఆయన జీపులో నన్నూ తీసుకెళ్ళేవారు. "ముందు గొర్రెకి, తరవాత మనిషికి. తిరగేశామో, ఇద్దరూ మనకి దొరకరు" అనేవారు. "ఏమ్మా, కోపమా?" అని గొర్రెని అడిగి మరీ సూది పొడిచేవారు. మనుషుల్ని అంత బుజ్జగించగా నేను చూడలేదు.

ఒక ఏడు కూచిపూడి దారిలో దిగిన మందకి దొమ్మరోగం, అదే ఆంత్రాక్స్, వచ్చింది. గొర్రెలు నిలబడ్డవి నిలబడ్డట్టే పడిపోతున్నాయి. చచ్చినదాని తోలు ఒలవడంలో కాపరికి సాయం చేసిన అతని కూతురి చేతిమీద నల్లటి పుండు లేచింది. ఒళ్ళు కాలిపోతోంది. అదే రోగం పిల్లకీ అంటిందని డాక్టరుగారు చూడగానే చెప్పారు. ఆస్పత్రికి పంపమంటే తండ్రి వినలేదు.

"గొర్లకు సూదులేసుడు అయితే పోతం సారూ. పిల్లదేముంది, నడుస్తనే తగ్గుతది."

మా ఆస్పత్రివాళ్ళు పెన్సిలిన్ వారమైనా వెయ్యమన్నారు. ఈలోగా మంద కదిలితే పిల్ల దక్కదు. నేను రోజూ వెళ్ళి వేస్తున్నాను. డాక్టరుగారు మాత్రం ఒక్క పూటలో అయ్యే పని సాగదీస్తున్నారు. రోజుకి కాసిని గొర్రెలకి వేసి, మందు అయిపోయిందనేవారు. నాకు ఒళ్ళు మండింది.

"అదేంటండీ, జీపులో పెట్టెడు మందుందిగా?"

"ఆ పిల్లకి జ్వరం తగ్గిందా?"

"ఇంకా లేదండీ."

"అయితే నా మందు రాలేదు."

సూది పడని గొర్రెలు చస్తూనే ఉన్నాయి. తండ్రి ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి ఏడ్చేవాడు. "అబద్ధమాడి అతని పొట్ట కొట్టే హక్కు మనకుందా అండీ?" అని అడిగాను. "తెలీదండీ" అన్నారాయన. ఆ రోజు అన్నం కారియరు విప్పకుండానే ఇంటికి తీసుకెళ్ళారు.

ఆఖరికి పిల్లకి జ్వరం జారింది. పుండు ఇంకా మానలేదు. మర్నాడు మేం వెళ్ళేసరికి పొలం ఖాళీ. పెట్టెలో మందున్న సంగతి తండ్రికి ఎవరో చెప్పేశారని పక్క రైతు అన్నాడు.

నర్సుగా ఆయనకి దణ్ణం పెడదామనుకుంటాను. ఆ తండ్రి గుర్తొస్తే చెయ్యి ఆగిపోతుంది. ఇంత అయోమయంలోనూ ఆయన లేరంటే నాకు దిగులుగా ఉంది.

ఆ మంద వెళ్ళిపోయాక ప్రతి ఏడూ మందలు దిగే రోజుల్లో ఆయన కాలవగట్టు మీద జీపు ఆపించేవారు. గొర్రెలు కాళ్ళకి రాసుకుంటూ రెండుపక్కలా పోతుంటే వాటివైపు చూసేవారు కాదు. వెనక నడిచొచ్చే ఆడపిల్లల చేతులు చూస్తూ నిలబడేవారు, దుమ్ము అణిగేదాకా.