వాజిద్ వేలాడదీసిన దారం

ఆళ్లగడ్డలో వాజిద్ కుదురుగా ఉండగా చూసినవాళ్లు లేరు. చెప్పులు కుట్టడం కూర్చొని చేసే పనే, అయినా ఆయన మోకాలు ఆడుతూనే ఉంటుంది. బస్టాండు దగ్గరి ఆ చిన్న అంగట్లో ముప్పై ఏళ్లుగా ఎందరి చెప్పులనో బాగుచేసి అహోబిలం కొండకు పంపాడు. తాను మాత్రం ఆ కొండ ఒక్కసారీ ఎక్కలేదు. ఎవరైనా అడిగితే, "నాకేం పని ఆడ?" అనేవాడు.

ఆ శనివారం పొద్దున అంగడి ఊడుస్తుంటే చీపురుకు ఒక దారం ముక్క తగిలింది. జానెడు పొడవుంది, మైనం పట్టించిన నల్లదారం. వాజిద్ చీపురు అక్కడే పడేశాడు.

దారం ముక్కకే ఇంత కంగారా అంటారేమో, అక్కడికే వస్తున్నాను. నంద్యాల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే వర్షిణి గురువారంనాడు ఒక జత కొండ బూట్లు తెచ్చింది. కొన్నప్పుడు గట్టివే. ఆరేళ్లు అట్టపెట్టెలో పడి ఉండేసరికి అడుగులు పిండిలా రాలుతున్నాయి. "తొడగకుంటేనే చెడిపోతాయి మేడమ్ ఇవి," అని వాజిద్ ఆ అడుగులు ఊడబెరికి, మందపాటి రబ్బరు అతికించి, రాత్రంతా బండ కింద పెట్టాడు. శుక్రవారం కుట్టు మొదలుపెట్టాడు. కుడిది అయిపోయింది. ఎడమది మడమ నుంచి సగం దాకా వచ్చేసరికి జుమ్మా నమాజుకు అజాన్ వినిపించింది. దారం తెంపకుండా అలాగే వేలాడదీసి లేచాడు.

అది వాళ్ల నాయన అబ్దుల్ రహిమాన్ పద్ధతి. దారం వేలాడుతోందంటే పని మిగిలి ఉందని గుర్తు. ఏ జత ఎందాకా వచ్చిందో వాజిద్‌కు ఏనాడూ గుర్తుండదు, ఆ దారమే ఆయన జ్ఞాపకం. నాయన పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి శుక్రవారం నమాజు వేళ అంగట్లో కూర్చునేది, సాయంత్రం ఊడ్చేది భార్య గౌసియా. నిన్న మాత్రం రుద్రవరంలో చుట్టాలింట్లో చావు కబురొస్తే, ఊడ్వకుండానే తాళం వేసి ఇద్దరూ వెళ్లారు.

"గౌసియా! ఈ దారం నువ్వే కోసినావా?" అంగడి వెనకే ఇల్లు, అక్కడికి వినబడేలా అరిచాడు.

"ఊ. నువ్వు నమాజుకు పోయినప్పుడు ఆమె వచ్చె. బూటుకు ఏలాడతాంటే కోసి మేడమ్‌కు ఇచ్చేస్తి. అట్లనే ఇస్తే ఏమనుకుంటాది? ఏందీ, ఏమైంది?"

"కుట్టు సగమే అయ్యింది! ఆమె పడితే?"

శనివారం పొద్దున్నే కొండ కొసనున్న ఉగ్రస్తంభం దాకా ఎక్కుతానని వర్షిణి చెప్పింది. అక్కడ కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా ఉండదని ఎక్కివచ్చినవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నాడో! ఆమె ఫోన్ నంబరు లేదు. సూది, దారం, మైనం సంచిలో వేసుకొని దొరికిన బస్సెక్కాడు. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

ఎగువ అహోబిలంలో నరసింహులు అనే చెంచు పెద్దాయన కనబడ్డాడు. కొండకు దారి చూపించడమే ఆయన పని.

"అన్నా, ఒంటిగా ఒక మేడమ్ పోయిందా ఇట్ల?"

"పోయి గంటైతాంది. నువ్వేందప్పా, ఈ రబ్బరు చెప్పులతో యాడికి పోతాండావ్? జారి పడ్తావ్."

"ఆమె పడకుండా సూడాలన్నా."

నరసింహులు ఇంకేం అడగకుండా ఒక చేతికర్ర ఇచ్చాడు. వాగులో పది రాళ్లు దాటాడో లేదో వాజిద్ రెండుసార్లు జారాడు. ఊళ్లోవాళ్ల కాళ్లకు కాపలా కాసే మనిషి, తన చెప్పులు విడిచి సంచిలో పెట్టుకొని వట్టి కాళ్లతో నడిచాడు.

వాగు ఒడ్డున తడి ఇసుకలో అడుగుల గుర్తులు కనిపించాయి. తాను వేసిన రబ్బరు గీతలే అవి, చూడగానే పోల్చుకున్నాడు. వంగి చూశాడు. కుడి గుర్తు నిండుగా పడింది. ఎడమదాంట్లో వేళ్ల దగ్గర ఇసుక చెదిరి ఉంది. ఒకటి, రెండు, మూడు, అన్నీ అలాగే ఉన్నాయి. ఆ తర్వాత అంతా బండే, గుర్తులు లేవు. "మేడమ్! మేడమ్!" అని అరుస్తూ ఎక్కాడు.

పాడుబడ్డ ఒక మండపంలో వర్షిణి స్తంభం మీది గీతల అచ్చు దింపుకోవడానికి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దుతోంది. వాజిద్‌ను చూసి తెల్లబోయింది.

"మేడమ్, ఎడమ బూటు ఇప్పండి."

ఆమె విప్పి ఇచ్చింది. వాజిద్ ముందువైపు బొటనవేలుతో ఒత్తాడు. అడుగు నోరు తెరిచింది.

"ఇప్పుడే ఆ బండ ఎక్కుదామని లేస్తాంటి," అంది వర్షిణి.

"తప్పు నాది," అని ఆయన సూదిలోకి దారం ఎక్కించాడు. కుడుతున్నంతసేపూ ఆమె దూరంగా పోలేదు. స్తంభం మీద గోరంత చేప, చంద్రవంక, ఏవో గీతలు చూపించింది. రాయి చెక్కినవాళ్లు పెట్టుకున్న గుర్తులట. ఎవరి రాయి వంకర పోతే వాళ్లను పిలిచి అడగొచ్చని.

"గుర్తు పెడితే సరా మేడమ్? మేస్త్రీకి ఎట్ల తెలుస్తాది?"

"ముందే చెప్పుకుంటారు కదన్నా. చెప్పకుంటే ఉత్త గీతే."

వాజిద్ చేతిలో సూది ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ కుట్టాడు.

ఆమె బండ ఎక్కి అవతలికి దాటేదాకా ఆ ఎడమ కాలినే చూస్తూ నిలబడి, తర్వాత కొండ దిగాడు. అంగడికి చేరేసరికి పొద్దు వాలుతోంది. గౌసియా మెట్టు మీదే కూర్చొని ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"పడిందా?"

"లేదు. కుట్టేసి వచ్చినా." వాజిద్ ఆమె పక్కన కూలబడ్డాడు. "దారం ఏలాడతాంటే పని కాలేదని గుర్తు. నాకూ నాయనకూ తెల్సు. నీకు చెప్పనేలేదు. పొద్దున ఊరికే నీ మీద అరిస్తి."

గౌసియా ఏదో లెక్క వేసుకుంటున్నట్టు వేళ్లు మడిచింది, విప్పింది.

"తస్నీమ్ అబ్బా," అంది. కూతురు పుట్టినప్పటి నుంచి ఆయనను అలాగే పిలుస్తుంది. "ఈ ఒక్కటే కాదు. నాలుగేండ్ల నుంచి శుక్రవారం శుక్రవారం ఏలాడే దారాలన్నీ నేనే కోసి ఇస్తాండా."

అప్పుడే బస్సు వచ్చి ఆగింది. జనం దిగి ఇళ్లకు పోతున్నారు. వాజిద్ ఎవరి ముఖమూ చూడలేదు. తల వంచి, దాటిపోతున్న ఒక్కొక్క కాలినే చూస్తూ కూర్చున్నాడు.