దుమ్ము పట్టాల్సిన వరస

మార్చి, రెండో ఆదివారం. మబ్బు తునక లేదు, పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. షాపులో మోటార్లకు తీగ చుట్టే మిషను తుడిచాను.

రోజూ రాసుకునే నోటుబుక్కులోదే ఇది. ఉరవకొండ వైపు సోలార్ పలకలు చూడ్డానికి వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను. నిన్న హుస్సేన్‌బీ వదిన ఫోన్ చేసింది. ఆమె భర్త మస్తానన్న, నేను కలిసి మోటార్లు బాగుచేసేవాళ్లం. మాకెవరూ నేర్పలేదు; కాలిపోయినవాటిని విప్పి చూసి నేర్చుకున్నాం. ఇప్పుడు ఆయన లేడు. ఆయన ఇంటి పక్క ఖాళీ స్థలంలో యూనివర్సిటీ వాళ్లు, ఒక కంపెనీ కలిసి రెండు వరసల పలకలు పెట్టారు. ఊరి నీళ్ల ట్యాంకు మోటారు వాటితోనే నడుస్తోంది. నీళ్లు లేకుండా పలకలు తుడిచే బ్రష్షును యూనివర్సిటీలో తయారుచేశారు. ఒక వరసకు వదిన రోజూ ఆ బ్రష్షు వేయాలి, రెండోదాన్ని వదిలేయాలి. బ్రష్షు వేసిన వరస ఎక్కువ కరెంటు ఇస్తే కంపెనీ ఆ బ్రష్షుల తయారీకి దిగుతుంది, పలకలను ఊరివాళ్లకు ఇచ్చేస్తుంది. లేదంటే విప్పుకుని పోతుంది.

"రెండు వరసలూ ఒకటే ఇస్తాండాయంటప్పా. రేపు పీకేదానికి వస్తారంట. నువ్వొకసారి వచ్చి చూడు ఓబులేసూ," అంది వదిన.

గుంతకల్లులో ఏడున్నర బస్సెక్కితే తొమ్మిదిలోపే ఉరవకొండ. అక్కడి నుంచి వదిన వాళ్ల ఊరికి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. దారి పొడవునా వేరుశనగ తీసేసిన ఎర్రచేలు, దూరాన గాలిమరలు. ఇదే దారిలో మస్తానన్న సైకిలు తొక్కుతుంటే, వెనక నేను మోటారును ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. గుంత వచ్చినప్పుడల్లా "నువ్వు పడినా పర్లేదు, దాన్ని పట్టుకోరా" అనేవాడు.

"యాడికన్నా?" అన్నాడు ఆటో డ్రైవరు. చెప్పాను. "మా ఊరే. ఈ పొద్దు పలకలు పీకేస్తారంట కదా. ఇంగ మా ఇంటామె బిందె నా నెత్తినే పెడ్తాది," అన్నాడు.

మేం చేరేసరికి కంపెనీ వ్యాను వచ్చి ఉంది. ఇంజనీరు ప్రసాద్ స్పానర్లు దించుతున్నాడు. బ్రష్షు తయారుచేసిన సునీత మీటరు ముందు నిలబడి ఉంది. ఆమె నెలకొకసారి వచ్చేది. రెండో వరస మీద దుమ్ము కనబడకపోతే గాలికి నిలవడం లేదనుకుందట.

నేను రెండో వరస దగ్గరికి పోయి వేలితో రాసి చూశాను. ఏమీ అంటలేదు. ఈ నేలలో, ఈ నెలలో అది జరగదు. అంచున తీగకు ఒక గళ్ల గుడ్డ ఆరేసి ఉంది. మస్తానన్న లుంగీ ముక్క. మోటారు ఎవరిదైనా సరే, దానితో తుడిచాకే స్పానరు ముట్టుకునేవాడు.

"వదినా, దీన్ని ఎవరు తుడిచినారు?"

"నేనే. తెల్లారుతూనే తుడుస్తా."

సునీత గిరుక్కున తిరిగింది. "పెద్దమ్మా! దీనికి బ్రష్షు వేయొద్దని చెప్పాను కదా!"

"వేయలేదే! వద్దన్నారని గుడ్డతోనే తుడిచినా. మనల్ని నమ్మి ఇచ్చిన మిషను మీద మన్ను పెట్టుకుని కూర్చుంటే, మీ పెదనాయన ఉండింటే ఇంట్లోకి రానిస్తాండెనా నన్ను?"

సునీతకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రసాద్ మాత్రం స్పానరు పట్టుకునే నవ్వేశాడు. పక్కకు పోయి చాలాసేపు ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. "ఎండాకాలం అయ్యేదాకా ఉంచమన్నారు. మళ్లీ మొదటి నుంచి చూస్తాం. కానీ అమ్మా, ఈసారి దీన్ని చేత్తో కూడా ముట్టకూడదు."

"మూడు నెలలు మన్ను పట్టాల్నా? ఊరోళ్లు నన్నేమంటారు సార్?"

"ట్యాంకులో నీళ్లుంటే ఏమనరులే వదినా," అన్నాను.

వదిన జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. తిని లేస్తుంటే ఆ గుడ్డ మడిచి నా సంచిలో పెట్టింది. "ఇది ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకోదు. నువ్వు తీసుకపో."

కొత్త పనికి యూనివర్సిటీ నుంచీ కంపెనీ నుంచీ చదువుకున్నవాళ్లు కలిశారు, మంచిదే. కానీ ఇన్నాళ్లూ ఆ పలకలను మస్తానన్న కూడా తుడుస్తున్నట్టే నాకనిపించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఏమీ చూడలేదు. ఇటు వచ్చేవాళ్లకు ఒక మాట: మధ్యాహ్నం రెండు దాటితే ఆ ఊరి నుంచి షేర్ ఆటోలు ఉండవు, వచ్చిన ఆటోనే తిరుగు ప్రయాణానికి మాట్లాడుకోండి.

సాయంత్రం గాలి లేచింది. షాపు తెరిచి లైటు వేశాను. పొద్దున తుడిచిన మిషను మీద మళ్లీ సన్నగా ఎర్రమన్ను. సంచిలోంచి ఆ గుడ్డ తీసి తుడిచాను.