చదవకుండా దాటేసిన లైను

ఆయన నీళ్ళ ట్యాంకులు కడుగుతాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఆ నాలుగు వీధుల్లో ఆయన దిగని ట్యాంకు లేదు, వంగి తొంగిచూడని సంపు లేదు. అందుకే చిన్నా పెద్దా అందరికీ ఆయన ట్యాంకుల బాబాయి. అసలు పేరేమిటని అడిగితే ఆయన కూడా ఒక్క క్షణం ఆలోచించాలి.

బాబాయికి పనిలో ఒక పద్ధతుంది. కడగడం అయ్యాక ట్యాంకులోకి మోకాల్లోతు నీళ్ళు వదిలి, అవి తేరుకున్నాక, దారం కట్టిన తెల్ల చొక్కా గుండీ ఒకటి అడుక్కి జారవిడుస్తాడు. ఇంటివాళ్ళను పిలిచి టార్చి వేసి, "రంధ్రాలు లెక్కపెట్టండి" అంటాడు. వాళ్ళు "నాలుగు" అనాలి. మూడున్నర అన్నారా, మళ్ళీ లుంగీ ఎగ్గట్టి దిగుతాడు. కంటికి కనబడని మురికి ఉంటుందంటే ఆయన ఒప్పుకోడు. "కనబడనిదాన్ని ఎలా కడుగుతానయ్యా, మంత్రం వేసా?" అని నవ్వేస్తాడు. ఈ నవ్వు గుర్తుంచుకోండి, ఆయన కొంప ముంచింది అదే.

భార్య పోయిన ఏడాది, ఎవరో ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇంటి మేడమీది ట్యాంకులో ఆయనకు అరచేతంత తాబేలు దొరికింది. సరదాకి కొనుక్కుని, సరదా తీరాక నీళ్ళలో పడేసి పోయిన మహానుభావులెవరో మరి. బాబాయి దాన్ని తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. పేరు అల్లుడుగారు. ఒళ్ళు వంచడు, ఉలకడు పలకడు, వేళకు తిండి పడకపోతే మాత్రం మెడ చాచి గుడ్లురిమి చూస్తాడు, ఇంతకంటే అల్లుడెవడు అనేవాడు. ఆయనకున్నది ఒక్క కొడుకే. కూతుర్ని కనకుండానే అల్లుడు దొరికాడని వీధంతా చెప్పుకుని మురిసిపోయాడు.

రోజూ పొద్దున్నే అల్లుడుగారి స్నానం. తొట్టి ఎత్తుకొచ్చి వంటింటి సింకులో వొంపేసి, చిన్న బ్రష్షుతో డిప్ప రుద్ది, కొత్త నీళ్ళు పట్టి, గుండీ వేసి చూసుకునేవాడు. నాలుగు రంధ్రాలు. సింకు పక్కనే గట్టుమీద పరిచిన గుడ్డపై మనవరాలి పాలసీసాలు బోర్లించి ఉండేవి. పిల్లకు ఎనిమిది నెలలు. కొడుకు లారీ మీద వారాల తరబడి తిరుగుతాడు. కోడలు కళ్ళద్దాల షాపులో పనికి వెళ్తుంది. సీసాలు సంచీలో సర్ది, పిల్లను నాలుగిళ్ళ అవతల ఆయమ్మ దగ్గర దింపి వెళ్ళేది. ఆయమ్మ తన ముందుగదిలో ఆ వీధి పిల్లలు నలుగురిని చూసుకుంటుంది. ఆమె బతుకుతెరువు అదే.

"మామయ్యా, దాన్ని బాత్రూంలో కడగకూడదా?" అని కోడలు ఒకసారి అడిగింది కూడా.

"నా అల్లుడి నీళ్ళు నువ్వు తాగే నీళ్ళకంటే శుభ్రం తల్లీ. కావాలంటే గుండీ వేసి చూసుకో."

ఒక మంగళవారం పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోయింది, సాయంత్రానికి రక్తం పడింది. ఆసుపత్రిలో ఆ చిట్టి చేతికి సూది గుచ్చడానికి నరం దొరక్క నర్సు నాలుగుసార్లు వెతికింది. కోడలు మందులకు పరుగెత్తినప్పుడు డాక్టరమ్మ బాబాయిని అడిగింది, "ఇంట్లో పెంపుడు జంతువులేమైనా ఉన్నాయా?"

"లేవండీ."

అబద్ధం ఆడాలని ఆడలేదు పాపం. అల్లుడుగారు జంతువని ఆయనకు తోచనే లేదు.

మూడో రోజు రిపోర్టు వచ్చింది. పిల్ల రక్తంలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉందట. తిండిలోంచో, నీళ్ళలోంచో, ముట్టుకున్న చేతుల్లోంచో వస్తుందట. 'చేతుల్లోంచి' అన్న మాట చెవిన పడగానే కోడలు ఫోను తీసింది.

"పాలు కలిపేది నువ్వే కదా? ఏ పాచి చేతులతో కలిపావు? నా పిల్లకేమైనా అయిందో, ఊరుకోను!"

అవతల ఆయమ్మ ఏడుపు బాబాయికీ వినిపించింది. సాయంత్రానికి సంగతి వీధంతా పొక్కింది. మర్నాటి నుంచి మిగతా ముగ్గురు తల్లులూ పిల్లల్ని పంపడం మానేశారు.

ఏడో రోజుకు పిల్ల గండం గట్టెక్కింది. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒక అచ్చుకాగితం ఇచ్చింది, జాగ్రత్తలన్నీ రాసి. కోడలు పిల్లకు గౌను తొడుగుతూ, "చదవండి మామయ్యా, వింటాను" అంది.

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. సీసాలు వేడినీళ్ళలో మరిగించాలి. గుడ్డు బాగా ఉడకాలి. పచ్చి మాంసం విడిగా పెట్టాలి. ఆ తర్వాతి లైను మీద చూపు పడి ఆగిపోయింది.

'తాబేళ్ళు, బల్లులు, పాములు పెంచే ఇళ్ళలో, అవి పైకి ఎంత శుభ్రంగా, ఆరోగ్యంగా కనిపించినా, వాటి ఒంటిమీదా అవి ఉన్న నీళ్ళలోనూ ఈ క్రిమి ఉండవచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో వాటిని ఉంచకూడదు, వాటి తొట్టిని వంటింట్లో కడగకూడదు.'

ఆయన కళ్ళముందు సింకు కనిపించింది, గుడ్డ కనిపించింది, తన బ్రష్షు చిమ్మిన తుంపరలు ఎక్కడెక్కడ పడి ఉంటాయో అన్నీ కనిపించాయి.

"ఊఁ, తర్వాత?" అంది కోడలు.

"తర్వాత... భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి" అని కింది లైను చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అదే పూట తొట్టినీ తాబేలునూ రెండు వీధుల అవతల తన సామాన్ల షెడ్డుకు చేర్చాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చాడు. సింకంతా బ్లీచింగు వేసి తోమాడు. కోడలు అడిగితే, ఇల్లు ఇరుకైందని మార్చానన్నాడు. పిల్లకింక భయం లేదు కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. పిల్లకు లేదు సరే, ఆయమ్మ సంగతేమిటి? ఆ ప్రశ్నకు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. కొడుకు ఫోన్ చేసి ఆయమ్మను నానా మాటలూ అంటుంటే ఊఁ కొట్టాడు. ఛీ, ఏం మనిషిని నేను అని ఒకటికి పదిసార్లు అనుకున్నాడు, అనుకుని అన్నం తిన్నాడు. ఆమె ఇంటిముందు నుంచి వెళ్ళాల్సి వస్తుందని చుట్టుతిరిగి వేరే సందులోంచి నడిచాడు.

పిల్ల ఇంటికొచ్చిన నాలుగో రోజు ఆయమ్మే గుమ్మంలోకి వచ్చింది.

"అన్నయ్యా, మా డాబా మీది ట్యాంకు ఒక్కసారి కడిగిపెట్టరా? మా నీళ్ళలోనే ఏదో ఉంది. లేకపోతే పసిదానికి అంత జబ్బెందుకొస్తుంది?"

కాదనలేక వెళ్ళాడు. ముందుగదిలో నాలుగు చిన్న చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. ఆమె చేతులు చూశాడు. పీచుతో రుద్ది రుద్ది వేళ్ళ సందులు చిట్లి ఎర్రబడి ఉన్నాయి. బాబాయి గబగబా మేడెక్కి ట్యాంకులో దిగిపోయాడు. ముప్ఫై ఏళ్ళలో ఏ ట్యాంకునూ అంతసేపు రుద్దలేదు. రుద్దుతూ ఏడ్చాడు. లోపల ఎవరికీ కనబడదు కదా.

నీళ్ళు పట్టి, తేరుకున్నాక గుండీ వదిలాడు. టార్చి వేశాడు. ఆయమ్మ వంగి చూసింది.

"నాలుగు" అంది. "అయితే నీళ్ళు బాగానే ఉన్నట్టేగా అన్నయ్యా. మరి నా చేతుల్లోనే ఉందన్నమాట. నేనే చంపబోయానన్నమాట ఆ పసిదాన్ని."

"లేదమ్మా" అన్నాడు బాబాయి. "నీ చేతుల్లో లేదు. నా చేతుల్లో ఉంది."

తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, జేబులోంచి కాగితం తీసి, ఆ లైను చదివాడు. ఆసుపత్రిలో దాన్ని ఎలా దాటేశాడో చెప్పాడు. అల్లుడుగారి తొట్టి ఎక్కడ కడిగాడో, పక్కన ఏమేం ఉండేవో, ఏదీ మింగకుండా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నాకు చదువు రాదు. ఎక్కడుందో చూపించండి."

వేలు పెట్టి చూపించాడు. ఆమె ఆ వేలి కిందికే చూసింది.

"ఈ ఒక్క లైనేనా?"

"ఒక్క లైనే."

"ఇది చదవడానికి నాలుగు రోజులు పట్టిందా అన్నయ్యా మీకు?"

బాబాయి తల ఎత్తలేకపోయాడు.

ఆయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు చదివితే ఏం లాభం? నన్ను అన్నవాళ్ళందరి ముందూ చదవాలి. ముందు మీ ఇంట్లో, తర్వాత ఆ ముగ్గురి ఇళ్ళలో. పదండి."

ఆమె ముందు, తడి లుంగీతో ఆయన వెనక. వీధిలోవాళ్ళు వింతగా చూశారు, చూడనీ. తన ఇంటి తలుపు తనే కొట్టాడు. కోడలు తీసింది. ఆయమ్మను చూసి ముఖం ముడుచుకుంది. చంకలోని పిల్ల మాత్రం తాతను చూసి కేరింత కొట్టి, ఎత్తుకోమని రెండు చేతులూ చాచింది.

బాబాయి ఎత్తుకోలేదు. గుమ్మం ఇవతలే నిలబడి కాగితం విప్పాడు.

"ఆ రోజు నేనొక లైను చదవలేదమ్మా" అన్నాడు.