మా అత్తకు లేని ఓటు

ఎంతటి పెద్దమనిషి మాట్లాడుతున్నా "జర ఆగున్రి" అని అడ్డు తగలడం మా మేనత్తకు అలవాటు. తాండూరులో మామ వకీలు. విధాన మండలికి పట్టభద్రుల ఎన్నికలు వచ్చిన ఏడాది, ఒక అభ్యర్థి మామ ఓటు కోసం ఇంటికి వచ్చాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అత్త చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆయన మామకే దండం పెట్టి, మామతోనే మాట్లాడుతున్నాడు.

"జర ఆగున్రి. మరి నా ఓటో?" అంది అత్త.

"ఇది డిగ్రీ ఉన్నోళ్లకే అక్కా."

"అసెంబ్లీ ఓటుకు వచ్చినోళ్లు నా డిగ్రీ అడగలే గద! గట్లయితే డిగ్రీ ఉన్నోళ్లు కాసిన చాయే తాగున్రి," అని కప్పు వెనక్కి తీసుకుంది.

మామ పేపరు చాటున నవ్వుకుంటూ, "ఆమె ఒప్పుకుంటెనే నా ఓటు," అన్నాడు. ఈ ఓటు అందరికీ ఇవ్వాలని సభలో అడుగుతానని మాటిచ్చాకే ఆయనకు చాయ్ దక్కింది.

ఆయన గెలిచాడు. కొన్నాళ్లకు వికారాబాద్ స్టేషన్‌లో మాకు ఎదురుపడి, "అడిగిన అక్కా. అందరు నవ్విన్రు," అన్నాడు దిగులుగా.

అత్త ముఖం వెలిగిపోయింది.

"నవ్విన్రంటే ఇన్నట్టే గద తమ్మీ. ఇగ మళ్ల అడుగు!"