అత్యవసరమైతే తెలియజేయవలసినవారు

ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలికి బడిలో ప్రాజెక్టు ఇచ్చారు. ఏ దేశంవాళ్లు సంతోషంగా ఉన్నారు, ఎందుకున్నారు అని. ఇంట్లోవాళ్లనూ అడిగి గడులు నింపాలట. ఆదాయం, ఆరోగ్యం, స్వేచ్ఛ, తోటివారి మీద నమ్మకం అంటూ ఒక పట్టిక. నెలల తరబడి సూర్యుడి ముఖం చూడని దేశాలు పైన ఉన్నాయి. మనం ఎక్కడో కింద. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా పదకొండో అంతస్తు కిటికీ తీస్తే దగ్గు, మూస్తే ఊపిరాడదు. ఈ మాత్రం తెలుసుకోవడానికి పట్టిక కావాలా అన్నాను.

"తాతయ్యా, లెక్చర్ నహీ. మీ లైఫ్‌కి టెన్‌లో ఎంత? ఒక్క నంబర్, బస్."

ఎప్పటి లైఫుకి అని అడిగాను. ఇప్పటికా, ఉద్యోగంలో ఉన్నప్పటికా? నలభై రెండేళ్ల డైరీలున్నాయి, చూసి చెబుతానన్నాను. అది నన్ను వదిలేసి నానమ్మ దగ్గరికి పోయింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా ఆవిడ తలెత్తకుండా "ఏడు వేసుకో" అంది. ఆధారం లేదు, లెక్క లేదు. ఒళ్లు మండింది.

తరవాతి ప్రశ్న: కష్టం వస్తే మిమ్మల్ని ఆదుకునేది ఎవరు?

దీనికి డైరీలు అక్కర్లేదు. "మీ నానమ్మ" అన్నాను.

మా ఆవిడ ఇంకో కాయ తీసుకుని, "కిందింటి ఆంటీ" అంది.

"తాతయ్యా, మీరు అవుట్" అని మనవరాలు ఒకటే నవ్వు.

నేను నవ్వలేదు. నిరుడు ఆవిడ బాత్రూంలో జారిపడిన రోజు కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లారు. ఇంట్లో ఉన్నది నేనే కదా. ఆ డైరీ తెచ్చి చదివి వినిపించాను.

"ఉదయం 10.40. ఆవిడ జారిపడింది. కుడి మణికట్టు వాచింది. 10.55. కింది ఫ్లాట్ పంజాబీ ఆవిడ కారు తీసింది. 11.20. ఆసుపత్రి."

"ఆ మధ్య పావుగంట కూడా చదవండి" అంది.

"అది రాయలేదు."

"నేను చెబుతా. నేను నేలమీద ఉంటే మీరు కళ్లజోడు వెతుక్కుని టైము రాస్తున్నారు. నా కేక విని కిందింటి దీదీ పైకొచ్చింది."

"ఎన్నింటికి పడ్డారని డాక్టరు అడుగుతాడని రాశాను. అడిగాడు కూడా."

"అడిగాడు. దీదీ చెప్పింది."

ఆఖరి సాక్ష్యంగా డైరీ మొదటి పేజీ తిప్పాను. అత్యవసరమైతే తెలియజేయవలసినవారు అని అక్కడ అచ్చువేసి ఉంటుంది. ఏటా జనవరి ఒకటిన ఆ గీత మీద మా ఆవిడ పేరే రాస్తున్నాను. నలభై రెండుసార్లు రాశాను. ఇంతకన్నా ఏం కావాలి?

చేతులు కొంగుకు తుడుచుకుని తీరిగ్గా చూసింది. "ఇది మీకేమైనా అయితే. నాకేమైనా అయితే ఎవరికి చెప్పాలో ఎక్కడ రాశారు?"

పేజీ అంతా వెతికాను. లేదు.

"నానమ్మ ఆన్సర్ ఫైనల్?" అంది మనవరాలు. ఫైనల్ అన్నాను. ఈలోగా నా గడిలోనూ ఏడే వేసేసింది, నన్ను అడక్కుండానే.

ఈ ఏటి డైరీ తీసి, ఆ గీత కింద కిందింటి ఆవిడ ఫ్లాటు నంబరు రాశాను. ఫోను నంబరు నా దగ్గర లేదు. ఆరేళ్లుగా ఒకే లిఫ్టు ఎక్కుతున్నాం. మా ఆవిడని అడిగితే ఫోను చూడకుండానే ఒక్కో అంకె చెప్పింది.

"మెల్లిగా రాయండి. టైము వెయ్యక్కర్లేదు."