బీడులో కొట్టించిన రేగు కంప

శ్రావణ శుద్ధ తదియ: కొండవైపు సాళ్లలో పత్తి చిగుళ్లు కొరికివేసినవి. జింకల అడుగులు స్పష్టము.
శ్రావణ శుద్ధ నవమి: మరల అవే. ఈసారి కంది కూడా.
శ్రావణ బహుళ విదియ: ముళ్లకంచె దూకి వచ్చినవి. కొత్తగా పెట్టిన మొక్కలు సైతం మిగలలేదు.

వినుకొండ అటవీ కార్యాలయానికి ఇవ్వవలసిన ఫిర్యాదు ఇది. జింకలను పట్టించి దూరంగా తరలించాలని కోరాను. రేపు ఇవ్వాలనగా, చేను గట్టు మీద కూర్చుని సరిచూసుకుంటున్నాను. మా బీడులో మేకలు మేపుకునే ఆమె కర్ర ఆనించి నిలబడింది.

"ఏం బాబాయ్, జింకల మీద కేసు పెడతన్నావంట! సాక్షిగా నన్ను రాసుకో."

"నువ్వేం చూశావమ్మా?"

"అన్నీ చూశా. పొద్దున్నే నీ కంచె దగ్గర నిలబడి, ఆ ఎండు రేగాకే పీక్కు తిన్నాయి. అదైపోయాకే లోపలికి దూకాయి. ఆ కంప యాడ కొట్టించావు?"

"మా బీడులోనే."

"మరి వానల్లేక గడ్డి మాడిపోతే అవి తినేది ఆ రేగు, బలుసు పొదలే గదా. వాటి కూడు కొట్టి వాటికే అడ్డం పెట్టావు. పైగా దొంగలంటావా?"

ఆ తేదీలన్నీ ఎత్తి రాసుకున్న నా దినచర్య పుస్తకం వెనక్కి తిప్పాను. జ్యేష్ఠ మాసపు పుటలో నా దస్తూరీయే ఉంది: "బీడులోని రేగు, బలుసు, పరికి పొదలు మొదలంటా కొట్టించితిని. కంచె బాగా కుదిరినది." కింద గీత కూడా గీశాను, సంతోషంతో.

ఏది జరిగినా రాసిపెట్టే మనిషినని ఊళ్లో నాకు పేరు. అటువంటి నేను నష్టాల జాబితాను శ్రావణం నుంచి మొదలుపెట్టాను. నాకు అనుకూలమైన చోటు అదే. ఆమె ఎదుట తలెత్తలేకపోయాను. మేకలను అదిలించుకుంటూ వెళ్లిపోయేదాకా పుటలోకే చూస్తూ కూర్చున్నాను.

ఆ ఫిర్యాదు ఇవ్వలేదు. దాని స్థానంలో ఇది రాసి, స్వయంగా తీసుకువెళ్లి ఇచ్చాను:

"అయ్యా, జింకలను తరలించాలన్న కోరిక నాకు లేదు. వాటి మేతను నేనే నరికించాను. నిరుడు నేను మొర పెట్టుకున్నప్పుడు ముళ్లకంచె వేసుకోమని మీరే సెలవిచ్చారు. ఆ ముళ్లు ఏ పొదలవో, వాటిని తిని బతికేవి ఏమవుతాయో మీరు చెప్పలేదు. నేను అడగలేదు. నా వంతు తప్పు ఒప్పుకుంటున్నాను. బీడులోని మోళ్లను ఇక ముట్టను. అవి గుబురు కట్టేలోపు జింకలు ఏం తినాలి, నా పత్తి ఎలా నిలవాలి? ఇక ముందు రైతులకు ఏ కంచె వేసుకోమని చెప్పబోతున్నారు? నోటిమాటగా చెప్పి పంపితే అంగీకరించను. ఈ మూడింటికీ సంతకంతో కూడిన లిఖితపూర్వక సమాధానం ఇవ్వవలెను."