తెల్ల మిరపకాయ

మొన్న కోదాడలో మొక్కలమ్మే చోట గులాబీ అంటు చూద్దామని వంగినప్పుడు పక్క కుండీలోంచి ఒక వాసన వచ్చింది. పండిన జామకాయ వాసన, దాని వెనక సన్నగా నిమ్మపూల వాసన. ఎవరికైనా నచ్చే వాసనే. నేను మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. ఆకుల సందున మీగడ రంగు కాయలు, ముడతలు పడి, బొటనవేలంత వేలాడుతున్నాయి. "అందానికి పెంచుకుంటారమ్మా, తినేవి కావు" అన్నాడు అమ్మే ఆయన. గులాబీ కొనకుండానే బయటికి వచ్చేశాను.

మా అమ్మాయి నిత్యకు మూడేళ్ళప్పుడు మేము సూర్యాపేటలో సుగుణ టీచర్ ఇంటి పైభాగంలో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లారీ తోలేవాడు. ఇంట్లో ఉన్న రోజులకంటే రోడ్డు మీద ఉన్న రోజులే ఎక్కువ. మాడుగులపల్లి నుంచి వచ్చిన నాకు ఆ పట్నంలో సుగుణ టీచర్ తప్ప మనిషి లేదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం చర్చికి, మిగతా రోజులు బడికి, సాయంత్రాలు డాబా మీద మొక్కలకు. ఆగిపోయిన నా చదువును మళ్ళీ మొదలుపెట్టించింది ఆవిడే. నేను మెట్ల మీద కూర్చుని పాఠం అప్పజెబుతుంటే నీళ్ళు పోస్తూనే తప్పులు దిద్దేవారు.

ఆ మొక్కల్లో ఆవిడకు ప్రాణమైనవి మిరపచెట్లు. తోటి టీచర్ ఒకరు అస్సాం నుంచి తెచ్చిచ్చిన గింజలు. మామూలు మిరపకాయలు కావు. ఎర్రదాన్ని పప్పులో ఒక్కసారి ముంచి తీస్తే గిన్నె మొత్తం మండేది. ఎరుపు, పసుపు, గోధుమరంగు కాయలు కోసి నా ముక్కు దగ్గర పెట్టేవారు.

"ఎర్రదాన్ల పండు వాసన సూడు. పసుపుదాన్ల జర పులుపు. ఈ గోధుమదాన్ల పొగ వాసన. రంగు మారితె రుచి గూడ మారుతుంది సరితా" అనేవారు.

తెల్లది ఆ ఏడే మొదటిసారి కాసింది. దాన్ని ఇంకా ఎవరూ నోట పెట్టలేదు. చూస్తే పాలకోవాలా ఉండేది. నిత్య డాబా మీద ఆడుతుంటే టీచర్ దాని ముందు గొంతుక్కూర్చుని ఎర్రకాయ చూపించారు. "ఎర్రవి ముట్టకు బిడ్డా. ఎర్రగున్నది కారం. నోరు కాలుతది." నిత్య తల ఊపింది. "ఎర్రవి ముట్ట" అని తిరిగి చెప్పింది కూడా.

ఒక మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. దుప్పటి అవతల నిత్య ఒక్క కేక పెట్టి ఆగిపోయింది. ఆ ఆగిపోవడమే నన్ను భయపెట్టింది. దుప్పటి లాగి చూస్తే పిల్ల నోరు తెరిచి ఉంది, శబ్దం లేదు. పెదవులు ఉబ్బుతున్నాయి. చేతిలో సగం కొరికిన తెల్లకాయ. నా కేకకు టీచర్ పైకి పరుగెత్తుకొచ్చారు. నేను నీళ్ళ చెంబు అందుకోబోతే చెయ్యి పట్టి ఆపారు.

"నీళ్ళు వద్దు. పెరుగు తే. దాని చేతులు వట్టుకో, కండ్లకు తగలనియ్యకు."

పెరుగు నాలుక మీద పెడుతుంటే సగం బయటికే వచ్చింది. దగ్గు మొదలైంది. ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు శబ్దం. ఆటోలో దవాఖానకు పోతున్నంతసేపూ ఆ ఈల ఆగితే ఎట్లా అని వింటూ కూర్చున్నాను. ఈల వినపడితే భయం, వినపడకపోతే ఇంకా భయం. లోపల చిన్న మొహానికి మాస్కు పెట్టి మందు పొగ పట్టించారు. టీచర్ గోడకు ఆనుకుని నిలబడే ఉన్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. పెదవులు కదులుతున్నాయి కాని ప్రార్థన బయటికి వినపడలేదు. చీకటి పడే వేళకు నిత్య "అమ్మా" అంది, బొంగురు గొంతుతో.

మర్నాడు పొద్దున నన్ను డాబా మీదికి పిలిచారు. మెట్టు మీద పెరుగు గిన్నె, పక్కన ఒక తెల్లకాయ.

"నేను దీన్ని తింట. నువ్వు గీడనే ఉండు."

"వద్దు టీచర్. మీకు బీపీ ఉంది."

"ఎర్రవి ముట్టకు అని చెప్పిన. పిల్ల నా మాట విన్నది సరితా. విన్నందుకే అట్లయింది." కాయ తొడిమ తుంచుతూ అన్నారు, "పెంచిన నాకు దీని రుచి తెల్వదు. పిల్లకు తెలిసింది."

నిత్య కొరికినంతే కొరికారు. ముందు ఆశ్చర్యపోయినట్టు చూశారు. "తియ్యగున్నది. ఎర్రదానికంటె మంచి వాసన." అంతలోనే మంట అందుకుంది. మెడ మీద నరాలు లేచాయి. మెట్ల పక్కన ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నారు. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు. నేను పెరుగు అందిస్తే తల అడ్డంగా ఊపారు. ఈవిడ నా కళ్ళముందే పడిపోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. కింద ఇంట్లో పిల్ల నిద్రపోతోంది. ఎంతసేపు అట్లా ఉన్నామో. చివరికి గిన్నె తీసుకుని, సగం మిగిలిన కాయను బ్లేడుతో నిలువునా చీల్చి, పక్కన ఎర్రకాయను కూడా చీల్చి పెట్టారు. రెంటిలోనూ గింజలను పట్టుకున్న తెల్లటి పీచు ఒకేలా ఉంది.

"కారం ఎక్కువ గీడ ఉంటది. రంగు పైతోలుది. రంగును బట్టి వాసన చెప్పొచ్చు, తీపి చెప్పొచ్చు. కారం చెప్పరాదు. ఇది పిల్లలకు బడిల చెప్పేదే నేను." గొంతు పూర్తిగా రాలేదు. "ఇంట్ల మరిచిన."

చెట్లను కాల్చేద్దామన్నాను. ఆ పొగ వాడకట్టంతా పోయి పసిపిల్లలకు ఊపిరి ఆడనివ్వదన్నారు. చేతులకు కవర్లు కట్టుకుని ఒక్కొక్కటే పీకి, సంచుల్లో వేసి, చివ్వెంల దగ్గర తన చెల్క భూమిలో లోతుగా పూడ్చిపెట్టించారు. నేను ఒక్క మాట నిందగా అనలేదు. అంటే బాగుండునని ఆవిడ ఎదురుచూస్తున్నట్టు అనిపించేది. ఆ తర్వాత కూడా నా చదువు ఆగనివ్వలేదు. నాకు అంగన్‌వాడీలో ఉద్యోగం వచ్చేదాకా ఉన్నారు. మరుసటి ఏడాది గుండెపోటుతో పోయారు.

ఇప్పుడు నా దగ్గరికి రోజూ పసిపిల్లలు వస్తారు. "పొయ్యి దగ్గరికి పోవద్దు" అని చెబుతాను. వాళ్ళు బుద్ధిగా తల ఊపుతారు. అప్పుడు నాకు భయం మొదలవుతుంది. పొయ్యికి దూరంగా జరిగిన ఆ కాళ్ళు ఎటు పోతున్నాయోనని, నేను పేరు చెప్పని వస్తువులన్నిటినీ, నీళ్ళ బకెట్‌ను, తలుపు సందును, గోడవారన ఫినాయిల్ సీసాను, ఒక్కొక్కటిగా చూసుకుంటూ గది చుట్టూ తిరుగుతాను.